నిచ్చెన మోసిన సిపాయిలు

మేము ఆ కొండ మీదికి చేరిన రోజు వాన కురుస్తోంది. లారీ దిగగానే బూట్లు చీలమండల దాకా ఎర్రమట్టిలో దిగబడ్డాయి. మా ఎమ్మిగనూరు చుట్టూ నల్లరేగడి, అక్కడ ఎర్రమట్టి. కాలు పట్టుకుంటే వదలకపోవడంలో మాత్రం రెండూ ఒక తల్లి బిడ్డలే.

అది దక్షిణ లెబనాన్. నవంబరు చివరి వారం. శాంతి సేన పని మీద మా పటాలాన్ని అక్కడికి పంపారు. నేను హవల్దార్‌ని, రేడియో నా పని. మా పోస్టులో పదిమందిమి. కొండ కొమ్మున తెల్లరంగు వేసిన ఒక గది, కాపలాకు ఒక బురుజు, దాని పక్కన భూమిలోకి దిగిన బంకర్, ఒక జనరేటర్, తెల్లరంగుదే ఒక నీళ్ల ట్యాంకర్. ఉత్తరాన మంచు కప్పిన పెద్ద కొండ. దక్షిణాన సరిహద్దు కంచె. కింద లోయలో ఒక ఊరు. ఆ ఊరికీ మాకూ మధ్య నాలుగు మలుపుల దారి. దారికి అటూ ఇటూ మెట్లు మెట్లుగా ఆలివ్ తోటలు, పొగాకు చేలు.

మా పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్. బళ్లారి మనిషి. తెలుగూ కన్నడమూ కలిపి కొడతాడు. మొదటి రోజే అందరినీ వానలో నిలబెట్టి ఆర్డర్లు చెప్పాడు. గుమ్మం దాటితే తల మీద హెల్మెట్, ఒంటి మీద జాకెట్ ఉండాలి. చీకటి పడితే జెండా మీద లైటు ఆరకూడదు. కంచెకు ఇటువాళ్లు కాల్చినా అటువాళ్లు కాల్చినా మనం కాల్చకూడదు. చూడాలి, పైకి చెప్పాలి.

"మన పానం మీదికొస్తే తప్ప ట్రిగ్గర్ మీద యేలు పోకూడదు. తెలిసిందా? మనం ఈడికి పంచాయితీ సెయ్యను వచ్చినామప్పా, కొట్లాటకు రాలేదు," అన్నాడు.

ఈ మాట ఆదోనిలో చెబితే ఎవరికీ రుచించదు. ఇప్పుడు నేను ఆదోనిలోనే ఒక పత్తి మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తున్నాను. పత్తి లోడుతో వచ్చే రైతులు, డ్రైవర్లు టీ తాగుతూ నన్ను పట్టుకుంటారు. "ఎంతమందిని ఏసేసినావన్నా?" అని అడుగుతారు. ఒక్కణ్ణీ లేదంటే మొహం మాడ్చుకుంటారు. సినిమాలో ఆఖరి ఫైటు కోసేసినట్టు బాధపడతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా సర్వీసు మొత్తంలో నేను ఛాతీ విరుచుకుని చెప్పుకునే రోజు మా పోస్టులో ఎవరూ ఒక్క తూటా కూడా పేల్చని రోజు.

ఆ రోజు కథానాయకుడు మా ట్యాంకర్ డ్రైవరు. ఆలూరు పక్కన ఒక పల్లె అతనిది. దేశం కాని దేశంలో ఒకే కొండ మీద ఎమ్మిగనూరు వాడు, ఆలూరు వాడు కలవడం మా అదృష్టం. మనిషి పొట్టి, గట్టి. నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. నాకంటే రెండేళ్లు చిన్న కాబట్టి అన్నా అనేవాడు. పటాలంలో చేరకముందు ఎండాకాలంలో ట్రాక్టరుకు ట్యాంకర్ తగిలించి ఊరూరా నీళ్లు తోలేవాడట. చేరాక లడఖ్ కనుమల్లో మంచు మీద లారీలు తోలాడు. భయమంటే ఏ వైపు ఉంటుందో తెలియని మనిషి అనుకునేవాళ్లం.

కింది ఊళ్లో బోరు తరచూ మొరాయించేది. అలాంటప్పుడు మా ట్యాంకర్ వారానికి రెండుసార్లు వెళ్లేది. ఆ ఊరి ఆడవాళ్లు బిందెలు వాడరు. నీలం, పసుపు, ఎరుపు ప్లాస్టిక్ డబ్బాలతో వచ్చి వరసగా నిలబడతారు. మొదటిసారి నీళ్లు పోసి వచ్చిన రోజు డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"డబ్బాలే యేరన్నా, వరస మాత్రం మా ఊరిదే. ముందు నిలబడుకునే ఆయమ్మ, మధ్యలో దూరే ఆయమ్మ, అందరినీ తిట్టే ముసల్ది. ఏం తిడ్తాందో తెలీదు గాని నాకు ఇంటికి పోయినట్టుండె," అన్నాడు.

డిసెంబరు చలిలో, చపాతీల్లో గడిచిపోయింది. జనవరిలో కాల్పులు మొదలయ్యాయి.

పొద్దున ఎనిమిది దాటింది. పొగమంచు అప్పుడే విడిపోతోంది. డ్రైవరు నిండు ట్యాంకర్‌తో కిందికి బయలుదేరాడు. నేను రేడియో దగ్గర ఉన్నాను. అతను మూడో మలుపు దగ్గరికి చేరే సమయానికి మొదటి గుండు వచ్చి పడింది. ఎవరు వేశారన్నది మా పై అధికారుల లెక్క. మాకు తెలిసింది ఒక్కటే. అది మా దారి పక్కన పడింది. తోట కట్టకు పేర్చిన రాతిగోడ కూలి దారి మీద పడింది. ట్యాంకర్ ముందు అద్దం పొడిపొడిగా రాలిపోయింది.

రేడియోలో అతని గొంతు వినిపించింది. "అద్దం పోయినాది. నేను బాగుండాను. యెనక్కి వస్తాండాను. ఓవర్."

నిండు ట్యాంకర్‌ని ఆ ఇరుకు దారిలో రెండు మలుపులు రివర్సులో ఎక్కించాడు. తిప్పుకునే జాగా దొరికాక తిప్పి పోస్టుకు తెచ్చి ఆపాడు. ఒంటి మీద గీత కూడా లేదు. అందరం వీపు తట్టాం. వంటవాడు స్పెషల్ టీ పెట్టాడు. డ్రైవరు జుట్టులో గాజు ముక్కలు ఏరుకుంటూ ఆ కథ రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు గుండు ఇంకాస్త దగ్గరగా పడింది.

ఆ గంటలోనే ఇంకో బండి మా గేటులోకి దూసుకొచ్చింది. పక్క పోస్టు ఫ్రెంచ్ సైనికుల గస్తీ బండి. నలుగురున్నారు. మా దారి గుండా వెళ్తూ మధ్యలో ఇరుక్కుపోయారు. వాళ్ల నాయకుడు ఒక కార్పొరల్, బండి తోలేది కూడా అతనే. పొడుగ్గా, ఎర్రగా, చెవులు కాస్త బయటికి వచ్చి ఉంటాడు. వచ్చీరాని ఇంగ్లీషు అతనిది, వచ్చీరాని ఇంగ్లీషు నాది. రెండూ కలిస్తే బాగానే నడిచేది. పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎవరూ కదలొద్దు. అందరూ బంకర్‌లో ఉండండి.

పద్నాలుగు మందిమి ఒక బంకర్‌లో. తడి గోడలు, మంచాలు రెండు వరసలు, కిరోసిన్ వాసన. చాలామందికి ఊపిరాడనట్టు ఉండేది. నాకు మాత్రం అంత కొత్తగా లేదు. మా నాన్న నేతగాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతుకంతా కూర్చున్న మనిషి. చిన్నప్పుడు నేనూ ఆ గుంతలో ఆడుకున్నవాణ్నే.

డ్రైవరులో తేడా నాకు ఆ సాయంత్రమే తెలిసింది. కాల్పులు ఆగాయి. జనరేటర్‌లో డీజిల్ పోయాలి. అది డ్రైవరు పని. డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడే ఆగిపోయాడు. ఎంతసేపటికీ కదలలేదు. తర్వాత డబ్బా కింద పెట్టి, వెనక్కి వచ్చి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. డీజిల్ నేను పోశాను.

మర్నాడు నోరు కూడా ఆగిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలికిపోయేది. నేను పక్కన కూర్చున్నాను.

"ఏందప్పా?"

"తలకాయ పోదాం పా అంటాందన్నా. కాళ్లు ఇంటల్యా," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

అదే రోజు హెడ్‌క్వార్టర్స్ నుంచి వార్త వచ్చింది. కింది ఊరి బోరు మోటారు గది మీద గుండు పడింది. తొట్లలో ఉన్న నీళ్లు ఆ రోజుకే సరి. రెండు వైపులా మాట్లాడి ఒప్పించారు. రేపటి నుంచి పొద్దున ఆరు మొదలుకొని ఏడు వరకు ఎవరూ కాల్చరు. ఆ గంటలో నీళ్లు అందించాలి.

పొద్దున్నే డ్రైవరు బూట్లు వేసుకున్నాడు, జాకెట్ తొడుక్కున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి మెట్టు మీద కూలబడ్డాడు. లేపితే లేవలేదు. మాలో ఇద్దరికి లారీ తోలడం వచ్చు, కానీ ఆ మలుపుల్లో నిండు ట్యాంకర్ ఎవరూ తోలి ఎరగరు. గంట అలాగే గడిచిపోయింది. నేను బురుజు ఎక్కి బైనాక్యులర్స్ పెట్టుకున్నాను. ఊరి మొదట్లో రంగు డబ్బాల వరస కనిపించింది. ఆడవాళ్లు చాలాసేపు మా కొండ వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే ఖాళీ డబ్బాలు తీసుకుని లోపలికి పోయారు.

సుబేదార్ సాబ్ డ్రైవరు మంచం అంచున కూర్చున్నాడు. కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదేమో.

"బెటాలియన్ దారి మూసినారప్పా. ఇంకో డ్రైవరు రాలేడు. రేపు పొద్దున ఈ ఫ్రెంచాయన తోల్తానన్నాడు. దారి తెరిసినాక నువ్వు బెటాలియన్‌కు పో. డాక్టర్‌కు సూపించి ఊరికి పంపిస్తారు. ఇది శిక్ష కాదు. తెలిసిందా?"

డ్రైవరు తల ఊపాడు. సాబ్ లేచి వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేళాలు పెట్టి బస్సెక్కించినారన్నా నన్ను. మా పల్లెలో మిలిట్రీకి పోయినోణ్ని నేనొక్కణ్నే. నీళ్లు తోలను భయపడి ఇంటికొచ్చినాడంటే మా నాయన సంతకు యా మొకం పెట్టుకొని పోతాడు? నీళ్లన్నా! నీళ్లు తోలేది నా పనే గదా!"

ధైర్యం చెప్పే మాటలు నాకు రావు. చెప్పినా అతనికి ఎక్కవు.

ఆ మధ్యాహ్నం మళ్లీ గుండ్లు మొదలయ్యాయి. దూరంగానే, కానీ ఆగకుండా. బంకర్ కప్పు నుంచి మట్టి రాలుతోంది. ఎవరి మొహం వాళ్లు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఫ్రెంచ్ కార్పొరల్ తన సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. ఒక ఖాళీ పెట్టె మీద పెట్టాడు. సినిమా చూద్దాం, సిపాయిల సినిమా, నవ్వులాట అన్నాడు.

చాలా పాత సినిమా. నలుపు తెలుపు. వాళ్ల తాతల కాలం నాటి యుద్ధం. మాటలన్నీ ఫ్రెంచి. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు. కందకంలోంచి ముగ్గురు సిపాయిలు బయటికి వస్తారు. ఒకడు పొడుగు, ఒకడు లావు, ఒకడు పొట్టి. పొట్టివాడి హెల్మెట్ ముక్కు మీదికి జారిపోతుంటుంది. ముగ్గురి భుజాల మీద ఒక పెద్ద నిచ్చెన. తుపాకులు లేవు, నిచ్చెన ఉంది. ఎవరైనా ఆఫీసరు అడ్డం వస్తే చాలు, నిచ్చెనను దగ్గర్లో ఉన్న గోడకు ఆనించి, పొట్టివాణ్ని ఎక్కిస్తారు. వాడు పైకెక్కి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తాడు. ఏదో పెద్ద పని చేస్తున్నారనుకుని ఆఫీసరు సెల్యూట్ కొట్టి వెళ్లిపోతాడు. ఫ్రెంచివాళ్లు నలుగురూ పడీపడీ నవ్వుతున్నారు. మావాళ్లు పెళ్లిలో తెలియని చుట్టాల మధ్య కూర్చున్నట్టు చూస్తున్నారు.

"ఏమంటాండాడు?" అని సుబేదార్ సాబ్ నన్ను అడిగాడు.

నేను కార్పొరల్‌ని అడిగాను. కథ ముందే చెబితే మజా పోతుందని చెయ్యి ఊపేశాడు.

సాబ్ నా వైపు తిరిగాడు. "మీ నాయన బయలాటలో సారథి గదప్పా. మా బళ్లారి కడె గూడ మీ నాయన పేరు ఇన్యా. నీకు రాదా ఏమి? సెప్పు, కథ నువ్వే సెప్పు."

తెలియని వాళ్లకు బయలాట సంగతి కాస్త చెప్పాలి. మా వైపు ఊళ్లలో పంటలు ఇంటికి చేరాక ఆడే ఆట అది. రాజులు, రాక్షసులు కిరీటాలతో భుజకీర్తులతో వస్తారు. ఎంత పెద్ద రాజైనా రావడం రావడమే సారథికి జవాబు చెప్పుకోవాలి. సారథి అంటే ఆట నడిపేవాడు, జనాన్ని నవ్వించేవాడు. ఎవరు తమరు, ఏ ఊరు, ఏ పని మీద దయచేశారు అని అడుగుతాడు. ఈ మూడింటికీ జవాబు రాకపోతే ఆట అక్కడే నిలిచిపోతుంది. నడి ఆటలో నిలిచిపోతే ఊరికి మంచిది కాదని మా పెద్దల నమ్మకం. అందుకని వేషగాడు భయపడి మాట మరిచిపోతే, జనంలోంచి ఎవరో ఒకరు అతని బదులు జవాబు చెప్పేస్తారు. పుట్టినప్పటి నుంచి ఆ ఆట చూసినవాళ్లకు సారథి ప్రశ్న గాల్లో వేలాడుతుంటే ఊరకే కూర్చోవడం చేతకాదు.

పగలంతా మగ్గం నేసి, ఆటలున్న రోజుల్లో ఆలూరు నుంచి మాధవరం దాకా ఊళ్లు తిరిగి సారథ్యం చేసినవాడు మా నాన్న. నేను ఎప్పుడూ చెయ్యలేదు. కానీ ఆ గొంతు నా చెవుల్లో ఉంది. లేచి లాప్‌టాప్ పక్కన నిలబడ్డాను. తువ్వాలు తలకు చుట్టుకున్నాను.

"ఓహోహో! ఎవరయ్యా తమరు? తాటిచెట్టు అంత మనిషి, తలకాయ మబ్బుల్లో పెట్టుకొని పోతాండావు! యా ఊరు? యా పని మీద దయచేసినారు?" అని పొడుగువాణ్ని అడిగాను. జవాబు కూడా నేనే రాజు గొంతుతో చెప్పాను. మావాళ్లు నవ్వారు. లావు సిపాయిని అడిగితే మా వంటవాడు అందుకున్నాడు. "వంటవాణ్ని సారథీ! అందరికీ పెట్టి, మిగిలింది తిని ఇట్లా అయిపోయినా!" బంకర్ గొల్లుమంది.

పొట్టివాడి వంతు వచ్చింది. తెర మీద వాడు నిచ్చెన చివరికి ఎక్కి ముక్కు మీది హెల్మెట్ పైకి నెట్టుకుంటున్నాడు.

"ఎవరయ్యా తమరు?"

ఎవరూ పలకలేదు. నేను జవాబు చెప్పవచ్చు. చెప్పలేదు. మా నాన్న అలాంటప్పుడు చేసినట్టే ఆగి, అదే ప్రశ్న ఇంకోసారి అడిగాను. పైన ఎక్కడో గుండు పడింది. మట్టి రాలింది.

మూల మంచం మీద దుప్పటి కదిలింది.

"సిపాయినప్పా."

"యా ఊరు?"

"ఆలూరు పక్కన. యా బోరులోనూ నీళ్లు రాని ఊరు."

"యా పని మీద దయచేసినారు? ఆ నిచ్చెన ఎందుకు? ఎవర్ని సూస్తాండావు పైకెక్కి?"

దుప్పటిలోంచి తల బయటికి వచ్చింది.

"మా పటాలం తప్పిపోయినాదప్పా. యాడుందో కనపడల్యా. నిచ్చెనెక్కి ఎతుకుతాండాను."

సుబేదార్ సాబ్ తొడ చరిచాడు. కథ దొరికిపోయింది. ముగ్గురు సిపాయిలు తమ పటాలాన్ని వెతుక్కుంటున్నారు. అక్కడి నుంచి మొత్తం ఆట మా ఇద్దరిదే. నేను అడగడం, డ్రైవరు చెప్పడం. సినిమాలో ఒక రైతమ్మ ఇంటి కప్పు బాగుచేసి పెడితే ఆమె సూపు పోసింది. "మా అత్త కూడా ఇట్లే నీళ్లు కలిపి పోస్తాది," అన్నాడు డ్రైవరు. వాగు మీద నిచ్చెన పరిచి దాటారు. శత్రు ఆఫీసరు దర్జాగా ఇంటి కప్పు ఎక్కితే, నిచ్చెన తీసుకుని చక్కా వెళ్లిపోయారు. ఆ చోట మావాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఒకేసారి నవ్వారు. గుండ్లు పడుతూనే ఉన్నాయి, లెక్క మాత్రం ఎవరూ పెట్టలేదు. సినిమా అయిపోయేసరికి డ్రైవరు మంచం దిగి తెర పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

కార్పొరల్ కళ్లు తుడుచుకుంటూ, ఇంతకీ మీరు ఏం కథ చెప్పుకున్నారు అని అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అతను నోరు తెరిచాడు. తర్వాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

"వాళ్లు పటాలాన్ని వెతకడం లేదు. పటాలం నుంచి పారిపోతున్నారు! ఎటు నుంచి వస్తోందో చూసి ఇంకో వైపుకు పోవడానికే ఆ నిచ్చెన. మా తాత ఆ యుద్ధంలో ఉన్నాడు. ఆయనకూ ఇష్టం లేదు. ఏదో ఒకలా ఇంటికి చేరాడు. చేరాడు కాబట్టి నేను ఉన్నాను," అన్నాడు.

అది మావాళ్లకు చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పాను. అందరూ డ్రైవరు వైపు చూడకూడదనుకుంటూనే చూశారు. సుబేదార్ సాబ్ మీసం సవరించుకున్నాడు.

"అంత బరువు నిచ్చెన మోసి, కప్పులేసి, వాగులు దాటి పారిపోయినారా? అదే కష్టం పటాలంలో పడింటే ముగ్గురూ సుబేదార్లు అయ్యిందురు గదప్పా!"

అందరికంటే ముందు డ్రైవరే నవ్వాడు. వంటవాడు టీ తెచ్చాడు. డ్రైవరు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. చుక్క ఒలకలేదు. తాగి గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"సాబ్, రేపు నేనే పోతా."

"ఫ్రెంచాయన తయారుగా ఉండాడప్పా."

"ఆయన్ని పక్కన కూర్సోబెట్టుకుంటా. నాకు వశం కాకపోతే దిగిపోతా. ఆయన తోల్తాడు."

"సరే. వశం కాకపోతే దిగిపో. నీళ్లు మాత్రం ఆగకూడదు," అన్నాడు సాబ్.

తెల్లవారింది. వాన లేదు. పెద్ద కొండ మీద మంచు మెరుస్తోంది. ముందు అద్దం లేని ట్యాంకర్‌లో చలికి మొహం కోసుకుపోతుందని డ్రైవరుకు నా మఫ్లర్ ఇచ్చాను. హెల్మెట్ పట్టీ బిగిస్తూ, "ఆ సినిమా అట్లయిపాయె. మనం తప్పుగా అర్థం సేసుకున్యాం," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నాకు ముందే తెలుసన్నా."

"ఏం తెలుసు?"

"పారిపోతాండారని. ఎతుక్కునేటోడు ముందుకు సూసుకుంటా నడుస్తాడు. ఆ పొట్టోడు అడుగడుక్కూ యెనక్కే సూస్తాండె. మూడు దినాల నుంచి నేను సేస్తాండేది అదే గదా, నాకు తెలీదా?"

"మరి పటాలాన్ని ఎతుకుతాండానని ఎందుకు సెప్పినావు?"

"సారథి అడిగినాడు, సెప్పకపోతే ఎట్ల? నోరు తెరిసినాక ఆ జవాబే బాగుందనిపించినాది."

గుమ్మం మెట్టు దగ్గర ఒక్కసారి ఆగాడు. మెట్టు దాటాడు. కార్పొరల్ అతని పక్క సీటులోకి ఎక్కాడు. సరిగ్గా ఆరు గంటలకు గేటు తీశాం.

సుబేదార్ సాబ్, నేను బురుజు మీద ఉన్నాం. నా చేతిలో రేడియో, కళ్ల దగ్గర బైనాక్యులర్స్. రేడియోలో ట్యాంకర్‌కు మేము పెట్టిన పేరు పానీ.

"పానీ, ఇది పోస్ట్. యాడున్నావు? ఓవర్."

"మొదటి మలుపు దాటినా. ఓవర్."

"పానీ, సెప్పు. ఓవర్."

"రెండోది దాటినా. సలి సంపుతాంది. ఓవర్."

మూడో మలుపు దగ్గర ట్యాంకర్ నెమ్మదించింది. కూలిన గోడ ముందు ఆగిపోయింది. నేను పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది. అతను కిందికి దిగాడు.

"అయిపాయె. దిగిపాయె," అన్నాడు సాబ్. ఆ గొంతులో ఎంత నొప్పి ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

నేను బైనాక్యులర్స్ దించలేదు. కార్పొరల్ స్టీరింగ్ వైపుకు జరగలేదు. డ్రైవరు ట్యాంకర్ ముందుకు వచ్చి, వంగి, దారి మీద పడిన రాయి ఎత్తాడు. పక్కకు వేశాడు. ఇంకోటి ఎత్తాడు. గుండు పడిన చోటే, నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట, చేను బాగుచేసుకునే రైతులాగా ఒక్కో రాయీ తీసి పక్కకు వేస్తున్నాడు. కాసేపటికి కార్పొరల్ కూడా దిగి అతనితో కలిశాడు. దారి తయారయ్యింది. డ్రైవరు చేతులు ప్యాంటుకు తుడుచుకుని బండి ఎక్కాడు.

"పోస్ట్, ఇది పానీ. రాళ్లుండె. తీసేసినా. పోతాండాను. ఓవర్."

సాబ్ నా చేతిలోంచి రేడియో లాక్కున్నాడు. ఏదో అనబోయి, "పో నాయనా, పో," అని మాత్రం అన్నాడు. ఓవర్ చెప్పడం కూడా మరిచిపోయాడు.

గంట ముగిసేలోపు ట్యాంకర్ ఖాళీగా తిరిగి వచ్చింది. తర్వాత ఎనిమిది రోజులు, కాల్పులు పూర్తిగా ఆగేదాకా, రోజూ పొద్దున్నే డ్రైవరే తోలాడు. కార్పొరల్ రెండో రోజు నుంచి పక్కన కూర్చోలేదు. అవసరం లేదన్నాడు. దారి తెరిచాక వెళ్లిపోతూ డ్రైవరుకు సెల్యూట్ కొట్టి, గాల్లో నిచ్చెన మోస్తున్నట్టు భుజం వంచి నాలుగు అడుగులు నడిచి చూపించాడు. మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం. డ్రైవరును సుబేదార్ సాబ్ బెటాలియన్‌కు పంపాల్సిన పని లేకపోయింది.

నవంబరులో తిరిగి వచ్చాం. ఆదోని స్టేషన్‌లో ఇద్దరం కలిసి దిగాం. ట్రంకుపెట్టెలు దించుకునేసరికి ప్లాట్‌ఫారం మీద మా నాన్న. ముసలివాడైపోయాడు, వీపు వంగింది. నేను ఫోన్లో ఈ కథంతా ముందే చెప్పి ఉన్నాను. ఆయన నన్ను పలకరించలేదు. నేరుగా డ్రైవరు ముందుకు వెళ్లి, తువ్వాలు తలకు చుట్టుకుని, స్టేషన్ అంతా తిరిగి చూసేలా గొంతెత్తాడు.

"ఓహోహో! ఎవరయ్యా తమరు? యా ఊరు? యా పని మీద పోయి వస్తాండారు?"

డ్రైవరు ట్రంకుపెట్టె కింద పెట్టాడు. అటెన్షన్‌లో నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు.

"నీళ్ల బండి డ్రైవరునప్పా. ఆలూరు పక్కన. పోయిన పని అయినాది."

మిల్లు గేటు దగ్గర నన్ను తలకాయల లెక్క అడిగేవాళ్లకు ఇదే నా జవాబు. మా పటాలం యుద్ధాలు చేసింది, పతకాలు తెచ్చింది, అవి గోడల మీద ఉన్నాయి. నా కళ్లలో మాత్రం ఉన్నది ఒక్కటే. మూడో మలుపు. దారి మీద రాళ్లు తీసేశాడు. చేతులు తుడుచుకున్నాడు. అక్కడి నుంచి బండి తలుపు దాకా నడిచాడు. వెనక కంచె ఉంది, పైన మా బంకర్ ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.